ఇంటావంటా లేని పిల్లికళ్లు

పురిటి గదిలో పోలికల పంచాయతీ ఎప్పుడూ ఉండేదే. ముక్కు తాతయ్యది, నుదురు మేనత్తది, చెవులు అచ్చం మేనమామవే... తలా ఒకటి పంచుకున్నాక బిడ్డ మెల్లగా కళ్లు తెరుస్తుంది. లేత తేనెరంగులో, కాస్త ఆకుపచ్చ జీరతో! అంతే, సందడి సద్దుమణుగుతుంది. 'మా ఇంటావంటా పిల్లికళ్లు లేవమ్మా' అంటుంది నాయనమ్మ. ఆ మాటలోని విరుపు తగిలేది ఒక్కరికే. మంచం మీదున్న బాలింతకి.

నిజానికి ఆ కళ్లలో ఆకుపచ్చ రంగన్నదే లేదు. ఆ మాటకొస్తే నీలికళ్లలో నీలమూ లేదు! కనుపాప చుట్టూ కనిపించే రంగు వలయాన్ని ఐరిస్ అంటారు. దానికి రంగునిచ్చేది ప్రధానంగా మెలనిన్. మన చర్మానికీ జుట్టుకీ రంగునిచ్చేదీ అదే. ఐరిస్ ముందు పొరలో మెలనిన్ దండిగా ఉంటే కళ్లు నల్లగా, ముదురు గోధుమరంగులో ఉంటాయి. తగ్గేకొద్దీ తేనెరంగు, ఆకుపచ్చ. మరీ తక్కువైతే నీలం. ఆ పొరలోని సన్నటి పోగుల మీద పడి వెలుతురు చెదిరినప్పుడు నీలికాంతే ఎక్కువగా వెనక్కి వస్తుంది. రాజ్‌కపూర్ నీలికళ్ల రహస్యం అదీ! పుట్టినప్పటి రంగే చివరిదాకా ఉంటుందనీ లేదు. మెలనిన్ పెరిగేకొద్దీ, ఏడాది తిరిగేలోగా చాలామంది పిల్లల కళ్లు ముదురుతాయి.

మరి ఇంట్లో ఎవరికీ లేని రంగు ఎక్కడినుంచి వచ్చినట్టు?

అమెరికాకు చెందిన డావెన్‌పోర్ట్ దంపతులు 1907లో దీనికో లెక్క కట్టారు. గోధుమరంగుది పైచేయి, నీలానిది కిందచేయి అన్నారు. నీలికళ్ల జంటకు నీలికళ్ల పిల్లలే పుడతారని తేల్చారు. ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాల్లో ఇదే పాఠం. కానీ విషయం అంత తేలిక కాదు. 15వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్న ఓసీఏ2, హెర్క్2 అనే జన్యువులది పెద్దపాత్రే అయినా, పెత్తనమంతా వాటిది కాదు. ఐరోపా, ఆసియాల్లో దాదాపు 1,95,000 మందిని పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనం మరో 50 జన్యువులకూ ఇందులో చేయి ఉందని చెప్పింది. నీలికళ్ల జంటకు గోధుమకళ్ల బిడ్డ పుట్టడం అరుదే కానీ, అసాధ్యం కాదు.

పోనీ పాత లెక్కే చూసుకున్నా, నల్లకళ్ల దంపతులకు లేతకళ్ల బిడ్డ పుట్టడంలో వింతేమీ లేదు. ఇద్దరిలోనూ తరాలుగా దాగి ఉన్న లేతరంగు జన్యువులు బిడ్డలో కలిస్తే చాలు. వాటిలో ఒకటి సాక్షాత్తూ నాయనమ్మ పుట్టింటి నుంచి వచ్చిందే కావచ్చు! ఆమె తాతగారి కళ్లు ఏ రంగో చెప్పేవాళ్లెవరు? ఇంట్లో ఉన్నది ఆయన నలుపు-తెలుపు ఫొటో ఒక్కటే. కంటి రంగు చూసి ఇల్లాలిని అనుమానించే భర్తకు సైన్సు నుంచి దొరికే ఆధారం సున్నా.

అయితే, పసివాళ్ల కళ్లను చూసి కంగారు పడాల్సిన సందర్భాలు లేకపోలేదు. కళ్లు మరీ కొట్టొచ్చినట్టు నీలంగా ఉండి, నుదుటిపైన తెల్లటి జుట్టుపాయ కూడా ఉంటే వినికిడి పరీక్ష చేయించాలి. వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి పుట్టుచెవుడు ఉంటుంది.

అన్నట్టు, 'పిల్లికన్ను'కి డాక్టర్ల దగ్గర ఇంకో అర్థం ఉంది. రంగు వలయం కాదు, మధ్యలోని నల్లటి కనుపాపే తెల్లగా మెరవడం. అది శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టొమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వచ్చే ఈ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే ప్రాణాన్నే కాదు, చాలాసార్లు కంటినీ కాపాడొచ్చు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో దీనికి చికిత్స ఉంది. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా పడితే 'ఫొటో పాడైంది' అని చెరిపేయకండి. దాన్ని అలాగే తీసుకెళ్లి కంటి డాక్టరుకు చూపించండి. అదీ ఆ వారంలోనే.