ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టకండి

రాత్రి పదకొండు గంటలు. మూడు నెలలుగా చేస్తున్న ఒక అనువాదం మర్నాటి ఉదయానికి ప్రచురణకర్తకు అందవలసి వున్నది. కంప్యూటరు మీట నొక్కాను. నల్లని తెరపై తెల్లని అక్షరాలు బారులు తీరి, హఠాత్తుగా నిలిచిపోయాయి. చివరి పంక్తి సారాంశం ఇది: మూల ఫైల్ వ్యవస్థను అందుకోలేకపోయాను, పరికరం గుర్తు తెలియదు (0,0). రాతప్రతికి మరొక నకలు తీసి దాచుకోని నా అలసత్వం అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఎరిగిన మెకానిక్కుకు ఫోను చేశాను. "డిస్కు పోయినట్లుందండీ. అంతా తుడిచి కొత్తగా వేయాలి" అన్నాడతడు. మేనల్లుణ్ణి అడిగితే, "తొందరపడి ఏదీ తుడిచేయకండి మామయ్యా! ముందు బ్రాకెట్లలోని అంకెలేమిటో చదవండి" అన్నాడు. నా మూడు నెలల శ్రమను కాపాడింది ఆ ఒక్క మాటే.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌కు గుండెకాయ వంటిది కెర్నెల్. యంత్రం మేలుకోగానే 'గ్రబ్' అనే చిన్న ప్రోగ్రాము కెర్నెల్‌నూ, దానితోపాటు 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అనే చిన్న మూటనూ జ్ఞాపకశక్తిలోకి చేరుస్తుంది. ఈ మూట ఎందుకు? డిస్కును చదవడానికి కావలసిన డ్రైవర్లు చాలావరకు ఆ డిస్కులోనే వుంటాయి. పెట్టె తాళంచెవి పెట్టెలోనే వుండిపోయిన చందమన్నమాట! అందుచేత ఆ తాళంచెవికి మారుచెవి ఒకటి ఈ మూటలో వుంచుతారు.

(0,0) అంటే కెర్నెల్‌కు అసలు డిస్కే కనిపించలేదని అర్థం. డిస్కు చెడిందని కాదు. చాలాసార్లు మూట లేకపోవడమే కారణం. అక్కడ (8,1) వంటి అంకెలుంటే కథ వేరు. డిస్కు విభాగం కనిపించింది గాని, అందులోనిది చదవడం సాధ్యం కాలేదన్నమాట. అప్పుడు పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో యంత్రాన్ని నడిపి, ఆ విభాగాన్ని తెరవకుండానే 'ఎఫ్‌ఎస్‌సికె'తో పరీక్షించాలి. తెరచివున్న విభాగంపై ఆ పని చేస్తే వున్నది కాస్తా వూడవచ్చు.

మేనల్లుడు చెప్పినట్లు గ్రబ్ పట్టికలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' తెరచి, పాత కెర్నెల్‌ను ఎంచుకున్నాను. యంత్రం ఏమీ ఎరగనట్లు లేచి కూర్చున్నది! నా అనువాదం అక్షరం చెదరకుండా వున్నది. మొదటి పనిగా దానికి నకలు తీశాను.

ఇక కారణం. 'డిఎఫ్' ఆజ్ఞ ఇవ్వగా 'బూట్' విభాగం నూటికి నూరు పాళ్లూ నిండి వున్నట్లు తేలింది. కిందటి రోజున కొత్త కెర్నెల్ వచ్చి చేరింది గాని, దాని మూటకు చోటు చాలలేదు. వాడుకలో వున్నదాన్ని మాత్రం వుంచి, అక్కరలేని పాత కెర్నెళ్లను తొలగించాను. 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' ఆజ్ఞతో మూటను తిరిగి కట్టించి, 'అప్‌డేట్-గ్రబ్'తో పట్టికను సరిచేశాను. ఇవి డెబియన్, ఉబుంటు రకాలలో పనిచేసే ఆజ్ఞలు. మళ్లీ మీట నొక్కితే కొత్త కెర్నెలే సజావుగా లేచింది.

తెల్లవారేసరికి రాతప్రతి ప్రచురణకర్తకు చేరింది. తెర నల్లబడినంత మాత్రాన సర్వం పోయినట్లు కాదు. యంత్రం చెప్పే చివరి మాటను ఓపికగా చదివితే, దారి చాలావరకు అందులోనే వుంటుంది.