కర్వ్స్ చేసి పంపిన తెలుగు

చాంద్రాయణగుట్ట దాటి, బార్కస్ మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే పహాడీ షరీఫ్ వస్తుంది. గుట్ట మీద 13వ శతాబ్దపు సూఫీ బాబా షర్ఫుద్దీన్ దర్గా. కింద చాదర్లు, పూలు, అగరొత్తులు అమ్మే దుకాణాలు. రోడ్డు వెంట మండీ హోటళ్లు. అక్కడి నుంచి మామిడిపల్లి వైపు తిరిగితే కాసేపట్లో శంషాబాద్ విమానాశ్రయం. ఈ కొద్ది దూరంలోనే ప్రకటనల లోకం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఎయిర్‌పోర్టు రోడ్డు మీది భారీ హోర్డింగులు చాలావరకు బొంబాయి, ఢిల్లీ, బెంగళూరుల్లో పుట్టి ఇక్కడికి దిగుమతి అయినవి. దర్గా రోడ్డు మీది ఫ్లెక్సీలు మాత్రం ఇక్కడి సరుకే.

ఆ ఫ్లెక్సీ ఎలా తయారవుతుందో చూడండి. కొత్తగా హోటల్ పెట్టే మనిషి ఫ్లెక్సీ షాపు గడప తొక్కాల్సిన పనే లేదు. వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు, రెండు వాయిస్ మెసేజ్‌లు పడేస్తాడు. డిజైన్ చేసే కుర్రాడు ఇంకో బస్తీలో తన గదిలో ఉంటాడు. గంటలో నమూనా వస్తుంది. "అన్నా, పేరు ఇంకా పెద్దగ పెట్టు. నంబర్ కనపడ్తలేదు." "ప్లేట్ ఫొటో చిన్నగైతది మరి." "కానీ, నంబరే ముఖ్యం." మూడో నమూనాకు ఓకే. సాయంత్రం ప్రింటు, తెల్లారేసరికి కర్రలకు బిగింపు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇళ్ల నుంచి పనిచేస్తూ కొత్త ఆలోచనలు పుట్టించగలమా అని 2020 నుంచి పెద్ద ఏజెన్సీలు తలలు పట్టుకుంటున్న వ్యవహారం, ఈ రోడ్డు మీద ఏ సమావేశమూ లేకుండానే తేలిపోయింది. ఎందుకంటే ఆ ఫ్లెక్సీ ఏ మూల మీద కడతారో, బస్సు ఎటు నుంచి వస్తుందో, గురువారం దర్గాకు ఎంత జనం వస్తారో ఇద్దరికీ తెలుసు.

ఈ విషయంలో పరిశోధకులు చెప్పింది కూడా కాస్త వినాలి. పదిమందీ ఒకచోట చేరి, నోటికొచ్చింది చెప్పుకుంటూ పోతే ఆలోచనలు పుడతాయన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్బోర్న్ అనే అమెరికన్ ప్రకటనల మనిషే, 1940లలో. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరీక్షకు పెట్టారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికంటే, నలుగురు ఎవరికి వారు రాసుకుని తర్వాత కలిపినవి దాదాపు రెట్టింపు వచ్చాయి. 2022లో 'నేచర్' పత్రికలో మెలానీ బ్రక్స్, జొనాథన్ లెవావ్‌ల పరిశోధన వచ్చింది. ప్రయోగశాలలో 602 మందిని జంటలు చేసి కొందరిని ఎదురెదురుగా, కొందరిని వీడియోలో కూర్చోబెట్టారు. ఐదు దేశాల్లో ఒక కంపెనీకి చెందిన 1,490 మంది ఇంజనీర్లతోనూ ఇలాగే చేశారు. వీడియోలో ఉన్నవాళ్లకు ఆలోచనలు తక్కువగా తట్టాయి. చూపు తెరకు అతుక్కుపోతే బుద్ధి కూడా అక్కడే కట్టుబడిపోతుందన్నది వాళ్ల వివరణ. వచ్చినవాటిలో మంచిదాన్ని ఏరుకోవడంలో మాత్రం వీడియోవాళ్లు వెనకబడలేదు.

ఈ రెండు పరిశోధనలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. ఆలోచించాల్సింది ఎవరికి వారే, అదీ తెర మూసేసి. ఏరుకోవాల్సింది జూమ్‌లో. మన ఏజెన్సీల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తోంది. పొద్దున పదకొండింటికి కాల్ పెట్టి "ఐడియాలు చెప్పండి" అంటారు. పన్నెండు మొహాలు పన్నెండు గళ్లలో నిశ్శబ్దంగా ఉంటాయి. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు మ్యూట్.

దూరాన్నే సరుకుగా వాడుకుంటే ఎంత గొప్ప పని చేయవచ్చో చూపించిన ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మొదటి రోజుల్లో, ప్రకటనల దర్శకుడు ప్రసూన్ పాండే 'ఫ్యామిలీ' అనే చిన్న చిత్రం తీశాడు. కల్యాణ్ జ్యువెలర్స్, సోనీ వెనకున్నాయి. అమితాబ్ బచ్చన్ నల్లకళ్లద్దాలు కనిపించకుండా పోతాయి, ఇల్లంతా వెతుకుతారు. ఆ ఇంట్లో చిరంజీవి, రజనీకాంత్, మమ్ముట్టి, మోహన్‌లాల్, ఆలియా భట్... ఎవరి భాష వారిది. నిజానికి ఒక్కరూ గడప దాటలేదు, ఎవరింట్లో వాళ్లే తీసుకున్నారు. చూసేవాడికి అదంతా ఒకే ఇల్లు. పనిలేక పస్తులున్న సినీ రోజుకూలీల కోసం తీసిన చిత్రం అది. అక్కడ దూరం ఇబ్బందిగా మిగల్లేదు, కథే అయింది. ఇంకో సంగతి గమనించండి: చిరంజీవి తెలుగులోనే మాట్లాడాడు.

ఎయిర్‌పోర్టు రోడ్డు బోర్డుల దగ్గర కథ అడ్డం తిరిగేది ఈ భాష విషయంలోనే. ఆలోచన ఇంగ్లిషులోనో హిందీలోనో పుడుతుంది. బొమ్మ కుదురుతుంది, క్లయింట్ ఊ అంటాడు, మీడియా డబ్బు కట్టేస్తారు. అప్పుడు, రేపు ప్రింటుకు వెళ్తుందనగా ఈ రాత్రి, తెలుగు గుర్తొస్తుంది. హైదరాబాదులో ఉన్న రచయితకు మెసేజ్: "అడాప్టేషన్ ఉంది, అరగంటలో కావాలి." చాలాచోట్ల దీనికి చెల్లించేది పదానికి ఇంత అని. మూడు మాటల ట్యాగ్‌లైన్‌కు మూడు పదాల కూలి. నాలుగో మాట రాసి పారితోషికం పెంచుకుందామంటే బొమ్మలో చోటుండదు.

ఆ తర్వాతి ఘట్టం మన డీటీపీవాళ్లందరికీ తెలుసు. ఇక్కడ చాలామంది అక్షరాలు కూర్చేది 'అను' అనే తెలుగు ఫాంట్లతో. ఆ ఫాంటు గుర్గావ్ ఏజెన్సీవాళ్ల కంప్యూటర్లో ఉండదు, ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు. పోనీ యూనికోడ్‌లో పంపిద్దామంటే, అక్కడివాళ్ల సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగు పెట్టి ఉండదు. ఒత్తు అక్షరం కిందికి చేరకుండా పొల్లుగా విడిపోయి పక్కన నిలబడుతుంది. అందుకని అందరూ పట్టుకున్న దారి ఒకటే, "కర్వ్స్ చేసి పంపు." అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చేయడం. ఇక ఎక్కడ తెరిచినా చెదరవు. కానీ దిద్దడానికీ వీలుండదు. గుర్గావ్ డిజైనర్‌కు అది చదవడం రాదు, చదవగలిగినవాడి చేతిలో ఫైలు లేదు. గుడి పోయినా, దీర్ఘం ఊడినా అలాగే నలభై అడుగుల ఎత్తున వేలాడుతుంది. పెళ్లి శుభలేఖను పెళ్లివారికి చూపించకుండా అచ్చేయించినట్టు ఉంటుంది వ్యవహారం.

తప్పులు పోనీ, చదవడానికైనా వీలుండాలి కదా. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. వంద మీటర్ల దూరంలో బోర్డు కనిపిస్తే, దాటిపోయేలోపు మిగిలేది నాలుగున్నర సెకన్లు. అదే బోర్డును జూమ్‌లో అందరూ రెండడుగుల దూరం నుంచి ఇరవై నిమిషాలు చూసి, "ఇంకో లైను పట్టేట్టుంది" అని తీర్మానిస్తారు. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లిషు లైన్ల మధ్య ఇచ్చిన ఎడంలో వీటిని కుక్కితే నాలుగున్నర సెకన్లలో కనిపించేది నల్లటి ముద్ద. తెర ముందు కూర్చున్న ఏ మహానుభావుడికీ ఇది తట్టదు. ఆ రోడ్డు మీద ఒకసారి వెళ్లినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

దూరంగా ఉన్నవాళ్లు తెలుగువాళ్లకోసం ఆలోచించలేరని నేననడం లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం మొదలుపెట్టింది బొంబాయిలో. 'ఆంధ్రపత్రిక'ను 1908లో ప్రారంభించిందీ అక్కడే. తెలుగు పాఠకుడికీ ఆయనకూ మధ్య తపాలా దూరం. ఆయన అమృతాంజనాన్ని సంగీత సభల్లో ఉచితంగా పంచాడు. జనం గంటల తరబడి కూర్చునే చోటు చూసుకుని సరుకు చేతికి అందించడమంటే, సభకు వెళ్లినవాడికి తట్టే ఉపాయమే అది.

పైగా ఇలా ఇంటి నుంచి పనిచేయడం వల్ల మనకు జరిగిన మేలూ తక్కువేం కాదు. చిత్రకారుడు బాపు జె. వాల్టర్ థాంప్సన్‌లో పనిచేసిన రోజుల్లో పెద్ద ప్రకటనల కంపెనీలుండేది ఎక్కువగా బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లోనే. మాట మీద పట్టున్న కుర్రాడు ఊరు వదలకపోతే ఆ గుమ్మం ఎక్కే దారి ఉండేది కాదు. ఇవాళ ఆదిలాబాద్‌లో ఉన్నా, అనకాపల్లిలో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా ఒకే కాల్‌లో కూర్చోవచ్చు. కూర్చోవడం వరకు వచ్చింది. ఎప్పుడు పిలుస్తున్నారన్నదే పేచీ. బ్రీఫ్ చదివే రోజున పిలవాల్సిన మనిషిని ప్రింటు రాత్రి పిలుస్తున్నారు. అప్పుడు వాడు చేయగలిగింది ఖాళీలు పూరించడమే.

ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బోర్డులు కొనే కంపెనీలవారికి, వారి ఏజెన్సీలకు ఒకటే మనవి. తెలుగు రచయితను మొదటి కాల్‌కే పిలవండి, పదానికి కాకుండా పనికి డబ్బివ్వండి. ఆ కాల్‌కు ముందు రెండు రోజులు ఎవరినీ మీటింగుల్లో కట్టేయకుండా వదిలేయండి. ఇక్కడ ఉండే ఒక్కరినైనా ఆ రోడ్డంతా బస్సులో తిప్పి రమ్మనండి. కర్వ్స్ చేసిన ఫైలు ప్రింటుకు వెళ్లేముందు, తెలుగు చదవగలిగిన మనిషికి ఒక్కసారి చూపించండి.