జీతం చూసి వాయిదా కట్టించండి

చదువు కోసం తీసుకున్న అప్పు తీర్చాల్సిందే. ఇందులో నాకు రెండో మాట లేదు. బ్యాంకు ఇచ్చేది ఎవరో దాచుకున్న సొమ్ము. శ్రీకాకుళం జిల్లా మా నౌపడలో ఉప్పు మడుల్లో కూలి చేసి, నెలనెలా పొదుపు వేసుకున్న ఆడవాళ్ల డబ్బు కూడా అందులో ఉంది. మారాల్సింది ఆ అప్పు వసూలు చేసే తీరు. మహిళా సంఘం పుస్తకాలు రాసేదాన్ని కాబట్టి ఈ మాట లెక్క చూపించే చెబుతాను.

మాది ఉప్పు ఊరు. సంక్రాంతి దాటాక మడుల్లో పని ఊపందుకుంటుంది, వానలు దిగితే ఆగిపోతుంది. ఆ నెలల్లో కొందరు విశాఖకో చెన్నైకో వలస పోతారు. ఇలాంటి ఇంటి పిల్ల ఇంజినీరింగ్‌లోనో నర్సింగ్‌లోనో చేరితే విద్యారుణమే దిక్కు. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు, తల్లో తండ్రో కలిసి సంతకం పెడితే చాలు. చదువు అయ్యేదాకా, ఆపైన ఇంకో ఏడాది, వాయిదా కట్టనక్కర్లేదు.

వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. వాయిదాలు మొదలయ్యే నాటికి బారువడ్డీయే 1,40,000 అవుతుంది. అసలుతో కలిపి 5,40,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 7,100 పైమాటే. విశాఖలో 15 వేల జీతానికి చేరిన పిల్ల హాస్టల్‌కు, తిండికి, బస్సుకు పోను అంత ఎక్కణ్నుంచి తెస్తుంది? మూడు నెలలు కట్టకపోతే మొండిబకాయి అంటారు. సిబిల్ స్కోరు పడిపోతుంది. సంతకం పెట్టిన తల్లి రేపు తన పేరున అప్పుకు వెళ్లినా ఇదే అడ్డొస్తుంది.

నిజానికి ఆ 1,40,000 పేదింటి మీద పడనక్కర్లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, గుర్తింపు ఉన్న కాలేజీల్లో వృత్తి, సాంకేతిక కోర్సులకు వాయిదాలు మొదలయ్యేదాకా పడే వడ్డీని కేంద్రమే కట్టే పథకం 2009 నుంచి ఉంది. తహసీల్దారు ఇచ్చే ఆదాయ పత్రం బ్యాంకుకు అందాలి. మా వీధిలో ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు చాలా తక్కువ. అప్పు కాగితాల మీద సంతకం పెట్టించుకునే రోజే ఆ పత్రం అడిగి తీసుకునే బాధ్యత బ్యాంకుదే కావాలి.

సంఘం అప్పు ఎలా తీరుతుందో చూడండి. నెలనెలా కూర్చుంటాం. ఎవరెంత కట్టారో అందరి ముందూ చదువుతాం. వానాకాలం ఒకామెకు పని లేకపోతే మిగతావాళ్లం సర్దుతాం, పని దొరికాక ఆమె తిరిగి ఇచ్చేస్తుంది. విద్యారుణం తీసుకున్న పిల్లను మాత్రం అయిదేళ్లు పలకరించేవాళ్లు ఉండరు. తర్వాత ఒక్కసారిగా నోటీసు వస్తుంది.

మాఫీ చేయమని నేను అడగను. 2014 ఎన్నికల్లో డ్వాక్రా రుణాలు మాఫీ అన్న మాట నమ్మి చాలా సంఘాలు వాయిదాలు ఆపేశాయి. చివరకు వచ్చింది ఒక్కో సభ్యురాలికి 10 వేలు, అదీ విడతలుగా. ఈలోగా వడ్డీ పెరిగింది, సకాలంలో కట్టేవాళ్లకు దక్కే వడ్డీ రాయితీ పోయింది. మాఫీ కోసం ఎదురుచూసిన ఇల్లు బాగుపడటం నేను చూడలేదు.

ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఇంకో పద్ధతి ఉంది. చదువు ఖర్చు ప్రభుత్వం పెడుతుంది. ఆదాయం ఒక హద్దు దాటాకే, పన్నుతో పాటు ఆ బాకీని కొంత కొంత వసూలు చేస్తుంది. జీతం లేని ఏడాది వాయిదా లేదు. మనమూ జీతంలో పదో వంతుతో మొదలుపెట్టి, జీతం పెరిగేకొద్దీ వాయిదా పెంచవచ్చు. అది వడ్డీకైనా చాలదని బ్యాంకువాళ్లు అంటారు. నిజమే. కానీ అప్పు మొండిబకాయి అయ్యాక విద్యారుణాల గ్యారంటీ నిధి బ్యాంకుకు 75 శాతం దాకా భర్తీ చేస్తోంది కదా! పిల్ల పేరు చెడిపోయాక అంత సొమ్ము పెట్టే బదులు, తొలి రెండు మూడేళ్ల వడ్డీ తేడాను ముందే భరిస్తే అప్పూ తీరుతుంది, పిల్లా నిలబడుతుంది.

వాయిదా కట్టే పిల్లకే కాదు, ఫీజులు చెల్లించాల్సిన ప్రభుత్వానికీ గడువు ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తల్లుల ఖాతాలో వేసినప్పుడూ, కాలేజీలకే ఇస్తామన్నప్పుడూ విడతలు వెనకబడుతూనే ఉన్నాయి. మాకు తెలిసిన ఒక అమ్మాయికి ఆ బకాయి పేరు చెప్పి కాలేజీలో సర్టిఫికెట్లు ఆపారు. సర్టిఫికెట్ లేక వచ్చిన ఉద్యోగంలో చేరలేకపోయింది. ఉద్యోగం లేని పిల్ల బ్యాంకు అప్పు ఎలా కడుతుంది? సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ చెప్పింది. దాన్ని అమలు చేయించే అధికారి జిల్లాలో ఒకరు ఉండాలి.

శ్రీకాకుళంలో కలెక్టరు పెట్టే బ్యాంకర్ల సమావేశంలో పంట రుణాలు, సంఘాల రుణాలు చర్చకు వస్తాయి. విద్యారుణాన్నీ అంతే పట్టుదలగా చర్చించండి. ఎన్ని కుటుంబాలకు వడ్డీ రాయితీ అందింది, ఎంతమంది పిల్లలు వాయిదా తప్పారు, ఎందుకు తప్పారు అని ప్రతి బ్రాంచినీ అడగండి. కట్టగలిగినంత అడిగితే మా పిల్లలు కడతారు.