వేళ్లకింద చుట్టరికం

నెల్లూరికి తూర్పుగా మైపాడు దాకా వెళ్లినవారికి, సముద్రం కనపడక ముందే ఒక హోరు వినపడుతుంది. అంతా అలల హోరే అనుకుంటాం గాని, అందులో సగం సరుగుడు తోపులది. సర్వి అని కొందరూ, సవుకు అని కొందరూ అంటారు. పేరేదైనా, ఆ చెట్టు పెరిగే చోటు చూస్తే ఆశ్చర్యం కలగక మానదు. కాలు మోపితే చీలమండ దాకా దిగబడే యిసుక. వాన వెలిసిందో లేదో నీళ్లు అడుక్కి జారిపోతాయి. పైగా ఉప్పుగాలి. అలాంటి చోట యీ చెట్టు నాలుగయిదేళ్లలో అయిదారు నిలువుల యెత్తు పెరిగి, పందిళ్లకు గుంజలూ, పాకలకు వాసాలూ, కాగితం మిల్లులకు కలపా యిస్తున్నది. దీనికి తిండి పెడుతున్న మహానుభావులెవరు?

మొదట చెట్టు సంగతి చెప్పాలి. సరుగుడు మన దేశపు చెట్టు కాదు. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా, పసిఫిక్ దీవులు. కాసోవరీ అనే పక్షి యీకల్లాగా దాని కొమ్మలు వేలాడుతుంటాయి గనుక కాజువరీనా అని పేరు పెట్టారు. పందొమ్మిదవ శతాబ్దంలో రైలింజన్లకు కట్టెల కోసం చెన్నరాజధాని తీరమంతా దీన్ని పెంచారు. మనం ఆకులనుకునే ఆ సన్నని పుల్లలు నిజానికి రెమ్మలే. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర చిన్న చిన్న పొలుసుల్లా వుంటాయి, కళ్లకానించి చూస్తే తప్ప కనపడవు. అంత పొదుపరి! అయితే పొదుపు ఒక్కటే సంసారాన్ని నడపదు గదా. ఆదాయం కూడా వుండాలి.

ఆ ఆదాయం వచ్చే దారి 1885లో జర్మనీలో బయటపడింది. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగులను పెంచడం సాధ్యమేమో చూడమని ప్రష్యా ప్రభుత్వం ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి నియోగించింది. ఆయన చెట్ల వేళ్లు తవ్వి చూస్తే, వేళ్ల కొసలకు శిలీంధ్రం తొడుగులాగా చుట్టుకుని వుంది. చెట్లకు మాత్రం యే జబ్బూ లేదు. ఇది తెగులు కాదు, చుట్టరికం అన్నాడాయన. గ్రీకు భాషలో శిలీంధ్రానికీ, వేరుకూ వున్న మాటలు రెండూ కలిపి మైకొరైజా అని పేరు పెట్టాడు. సమకాలికులు చాలామంది నమ్మలేదు. ఈనాడు మాత్రం, నేలమీది మొక్కజాతుల్లో నూటికి ఎనభైకి పైగా యిలాంటి పొత్తుతోనే బతుకుతున్నాయని తేలింది. స్కాట్లండులో రైనీ అనే చోట సుమారు నలభై కోట్ల యేళ్లనాటి శిలామొక్కల్లో కూడా దీని గుర్తులు కనబడ్డాయి. అంటే మొక్క నేల మీద కాపురం పెట్టిన తొలినాళ్ల నుంచీ యీ పొత్తు వుందన్నమాట.

పొత్తులో యెవరి వాటా యేమిటి? వేరు యెంత సన్నగా వున్నా, యిసుక రేణువుల సందుల్లో అన్నిచోట్లకూ చేరలేదు. శిలీంధ్రపు పోగు వెంట్రుకకంటె యెన్నో రెట్లు సన్నం. వేరు అందుకోలేని చోట నుంచి అది భాస్వరాన్నీ, నీటినీ తెచ్చిపెడుతుంది. సరుగుడులో కనిపించే ఒక రకం శిలీంధ్రం వేరు కణంలోకే చొరబడి, అక్కడ చిట్టిచెట్టులా కొమ్మలు వేస్తుంది. చెట్టులో చెట్టు! ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ ఆ కొమ్మల దగ్గరే జరుగుతాయి. ప్రతిఫలంగా చెట్టు తాను ఎండలో వండిన చక్కెరలో నూటికి నాలుగు మొదలు యిరవై పాళ్ల దాకా శిలీంధ్రానికి యిస్తుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వ్యవహారం కాదిది, ఉభయతారకం.

సరుగుడుకు యింకో చుట్టం కూడా వుంది. లేత వేళ్లను పీకి చూస్తే పగడపు దీవి ముక్కల్లాంటి బుడిపెల గుత్తులు కనిపిస్తాయి. వాటిలో నివసించే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు ఆహారంగా మార్చి యిస్తుంది. పోగులు పోగులుగా వుండడంవల్ల దీన్ని కూడా శిలీంధ్రమే అనుకున్నారు మొదట. నిజానికిది బాక్టీరియా. 1886లో బ్రుంకోర్స్ట్ అనే ఆయన, తన గురువు ఫ్రాంక్ గౌరవార్థం దీనికి ఫ్రాంకియా అని పేరు పెట్టాడు. దీన్ని వేరు నుంచి విడదీసి ప్రయోగశాలలో పెంచగలగడానికి 1978 దాకా పట్టింది. ఆ విధంగా ఒకే పండితుడి పుణ్యాన సరుగుడు చుట్టాలిద్దరికీ నామకరణాలు జరిగాయి.

ఇక్కడే అసలు చిక్కుంది. ఫ్రాంకియా సాధారణంగా సరుగుడు పెరిగిన నేలలోనే దొరుకుతుంది. కొత్త యిసుకలో వుండదు. విత్తనంతో కూడా రాదు. పుట్టింటి సారె లేకుండా కాపురానికి వచ్చిన పిల్లలాగా, నారుమొక్క వెలవెలబోతుంది. ప్యూర్టో రికో దీవిలో పైన్ మొక్కలు యేళ్ల తరబడి యెంత నాటినా బతికి బట్టకట్టలేదు. 1950ల దశకంలో అమెరికా నుంచి పైన్ చెట్ల కింది మట్టి తెచ్చి కలిపాక గాని అవి లేవలేదు. మన నారుమళ్లవాళ్లు పాత తోపులోంచి దోసెడు మట్టి తెచ్చి మడిలో కలపడం వెనక వున్న రహస్యం కూడా యిదే. ఇప్పుడు చాలాచోట్ల కొమ్మ కత్తిరింపులతో, మట్టి లేని మిశ్రమంలో మొక్కలు తయారవుతున్నాయి. మొక్క చూడటానికి ముచ్చటగా వుంటుంది. కాని చుట్టాలను విడిగా చేర్చకపోతే యిసుకలో పెట్టిన తరువాత తెలుస్తుంది దాని బండారం.

కాబట్టి పదివేల మొక్కలు కొనే రైతు, ఒక్క మొక్కను పీకి వేరు చూడటం మంచిది. బుడిపెలు వుంటే సరే. లేకపోతే అడగాలి. మట్టి తెచ్చుకునేటప్పుడు ఆరోగ్యమైన తోపు నుంచే తెచ్చుకోవాలి. వాడు తెగులు సోకిన తోపు మట్టితో చుట్టంతోపాటు శత్రువు కూడా దిగుతాడు. ఇంకొక మాట. యూరియా, భాస్వరపు యెరువులు మితిమీరి గుమ్మరిస్తే, మొక్క చుట్టాలను దూరం చేసుకుంటుంది. ఊరికే వచ్చే తిండి వుండగా వాటా యెందుకివ్వాలి? మనుషుల్లోనూ యిలాంటివారున్నారని మీరు నవ్వుకోవచ్చు. పొయ్యికోసం రాలిన పుల్లలన్నీ నున్నగా ఊడ్చేస్తే కూడా నేలకు మిగిలేది శూన్యం.

చెట్లు వేళ్ల దారాలద్వారా ఒకదానితో ఒకటి ముచ్చటించుకుంటాయని యీ మధ్య పత్రికలు రాస్తున్నాయి. కెనడాలో సుజాన్ సిమార్డ్ బృందం 1997లో, ఒక జాతి చెట్టు నుంచి మరో జాతి చెట్టుకు కర్బనం చేరుతున్నదని ప్రకటించిన మాట నిజం. అడవిలో యిది యెంతవరకు నిజమో చెప్పడానికి ఆధారాలు చాలవని 2023లో మరి కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. ముచ్చట్ల సంగతి అలా వుంచినా, యిచ్చిపుచ్చుకోవడం మాత్రం నిస్సందేహం.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక ఒకటి గుర్తుకొస్తుంది. మేఘసందేశంలో కాళిదాసు, ఉరుము విని భూమి శిలీంధ్రాలను మొలిపిస్తుందనీ, గొడ్డుపోకుండా వుంటుందనీ ఒక్కచోటే అన్నాడు. శిలీంధ్రమంటే కందళి అన్న వ్యాఖ్యాతలున్నారు. పుట్టగొడుగు అన్న అర్థమే తీసుకుంటే, ఆ రెండు మాటలు పక్కపక్కన పడటం యెంత బాగుంది!

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన తరువాత, ఆంధ్రతీరాన సరుగుడు రక్షణ వనాలు విరివిగా నాటారు. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు గాలి బలం యెంతటిదో నెల్లూరు జిల్లావారు కళ్లారా చూశారు. ఊరికీ సముద్రానికీ నడుమ నిలబడేది ఆ చెట్ల వరసే. ఆ వరస లేచి నిలబడేదీ లేనిదీ, నారుమడిలో ఒక దోసెడు మట్టి పడిందా లేదా అన్నదానిమీద కూడా ఆధారపడి వుంది.