వల కోసినవాని నష్టము

సౌరాష్ట్ర తీరమునకు వచ్చు తిమింగలసొర మత్స్యజాతి యంతటిలోను పెద్దది. మనుష్యునికి హాని చేయనిది. 1990 దశకమున కాలేయపు నూనెకును మాంసమునకును ఆశించి దానిని విచ్చలవిడిగా వేటాడిరి. 2001లో ప్రభుత్వము ఆ వేటను నిషేధించెను. కాని వలలో తగుల్కొన్న చేపను విడువవలెనన్న వేల రూపాయల వలను కోయక తప్పదు. ఆ నష్టమును పేద జాలరి యెట్లు భరింపగలడు? శాసనము దీనికి బదులు చెప్పలేదు.

2004లో మొదలైన ప్రచారమున మురారీ బాపు ఈ చేపను పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడపడుచుతో పోల్చిరి. అటవీశాఖ కోసిన వలకు పరిహార మొసంగ నారంభించెను. నాటినుండి 700లకు మించిన తిమింగలసొరలను జాలరులే స్వహస్తములతో సముద్రమునకు విడిచిరి. వేరావలు పడవలలో పొట్టకూటికై పనిచేయు మన శ్రీకాకుళపువా రెందరో కలరు.

భూతదయా భారమును పేదవాని వలపై మోపి పుణ్యము మనము కట్టుకొనుట న్యాయము కాదు. మన తీరమున గ్రుడ్లుపెట్టు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల విషయమునను ప్రభుత్వము మొదట జాలరి నష్టమును లెక్కగట్టవలెను; దండనము మాట పిమ్మట. కడుపు నిండినవాడే కడలికి కాపరి కాగలడని మా విశ్వాసము.