నల్లబెల్టు పరీక్ష



కరాటే నేర్చుచున్న మా పెద్దమ్మాయి నల్లబెల్టు పరీక్షకు పోవుదునని యడిగినపుడు, దెబ్బలు తగులునేమోయని మేము వెనుదీసితిమి. అందుచే నీ విద్యను గూర్చి కొంత తెలిసికొంటిమి.

ఇది ఒకినావా ద్వీపమున బుట్టినది. ఫునాకోషి గిచిన్ గారు 1922లో టోక్యోయందు దీనిని ప్రదర్శించి, 1924లో శిష్యులకు నల్లబెల్టుల నొసగిరి. ఆ తొలి పట్టమునకు షోదాన్ అని పేరు. అనగా మొదటి మెట్టు. మన యక్షరాభ్యాసము వంటిదే.

పరీక్షలో కతా యను విన్యాసములను, కుమితే యను ద్వంద్వమును జూతురు. ద్వంద్వ మన్ని శాఖలయందు నొకతీరు గాదు. షోతోకాన్ శాఖలో దెబ్బ తగులబోవునంతలో చేయి నాపుట సంప్రదాయము. ఒయామా మసుతాత్సు గారి క్యోకుషిన్ శాఖలో దేహముపై బలముగనే కొట్టుదురు. అందును ముఖముపై పిడికిలిపోటు నిషిద్ధము.

2021లో టోక్యో ఒలింపిక్సు తుదిపోరున సౌదీ యువకుడు తారెగ్ హమేది ముందంజలో నుండియు, తలపై మితిమీరి తన్నినందున ననర్హుడయ్యెను. మూర్ఛిల్లిన ఇరాను వీరుడు సజ్జాద్ గంజ్‌జాదేకు స్వర్ణపతకము దక్కెను.

భారతమున కుమారాస్త్రవిద్యా ప్రదర్శనమందు భీమదుర్యోధనుల గదాపోరు హద్దు మీరగా, ద్రోణు డశ్వత్థామను బంపి మాన్పించెను. కావున తల్లులు బిడ్డను బంపుటకు మున్ను, ఏ శాఖయో, రక్షణకవచము లేవియో, పోరు మితిమీరినచో నాపు గురువు కలడో లేడో విచారింపవలెను.

మేమట్లే విచారించి యనుమతించితిమి. వచ్చు నెలలోనే పరీక్ష. బెల్టు వచ్చినను రాకున్నను, ఆపవలసిన చోట చేయి నాపి యింటికి వచ్చిన మాకు జాలును.