నాలుగు షీట్లు

"ఏరా, ఫోను పాడైపోయిందా?"

వీపు మీద బ్యాగు, చేతిలో ట్రైపాడ్, మెడలో నల్లగుడ్డతో పడవ దిగిన నన్ను చూసి మా అమ్మమ్మ అడిగిన మొదటి మాట ఇది. 2021 సంక్రాంతి. వర్క్ ఫ్రం హోమ్ పుణ్యమా అని అప్పుడు రాజమండ్రిలోనే ఉన్నాను. అమ్మమ్మది గోదావరి ఒడ్డున, దేవీపట్నం మండలంలో ఒక చిన్న ఊరు. పోలవరం ముంపు ఊళ్లలో ఒకటి. అప్పటికే సగం ఇళ్లకి తాళాలు. వానాకాలం వచ్చేలోపు మిగతావాళ్లు కూడా కాలనీకి వెళ్లిపోవాలని తేలిపోయింది. అంటే ఆ ఊళ్లో అదే ఆఖరి పండగ.

ఫోన్ బాగానే ఉంది. ఆ మూడు రోజుల్లో దాంతో ఆరొందలకి పైగా ఫొటోలు తీశాను కూడా. కానీ నేను వెళ్లింది వాటికోసం కాదు.

నా బ్యాగులో ఉన్నది 4×5 కెమెరా. ఎప్పుడూ చూడని వాళ్లకోసం రెండు ముక్కల్లో చెప్తా. ముందు లెన్సు, వెనక గరుకు అద్దం, మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి మడతల సంచి. అంతే. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు, ఆటోఫోకస్ లేదు. నల్లగుడ్డలో తల దూర్చి ఆ అద్దం మీద చూస్తే ఎదురుగా ఉన్నదంతా తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. గోదావరి పైన, ఆకాశం కింద. మొదట్లో తల తిరిగేది. అలవాటయ్యాక అదే నచ్చింది. తలకిందులుగా చూస్తే చెట్టు చెట్టులా అనిపించదు, ఒక నల్లటి ముద్దలా ఉంటుంది. ఫ్రేములో బరువు ఎటు ఎక్కువైందో వెంటనే తెలిసిపోతుంది.

ఫిల్మ్ రీలు కాదు, షీటు. 4 అంగుళాలు, 5 అంగుళాలు. మామూలు 35 ఎం.ఎం. ఫ్రేముతో పోలిస్తే దాదాపు 13 రెట్ల వైశాల్యం. ఒక్కో హోల్డర్‌లో ముందొకటి, వెనకొకటి. నా దగ్గర హోల్డర్లు రెండే. చీకట్లో షీట్లు మార్చుకోవడానికి వాడే చేంజింగ్ బ్యాగు, మిగతా ఫిల్మ్ డబ్బా రెండూ రాజమండ్రిలో మంచం మీద వదిలేసి వచ్చాను. (ప్రొడక్షన్‌లోకి కోడ్ తోసే ముందు చెక్‌లిస్ట్ రాసుకునే ఉద్యోగం నాది. నవ్వుకోండి.) కాబట్టి మొత్తం ఊరికి నాలుగంటే నాలుగు షీట్లు.

మా మావయ్య అయితే మొహం మీదే అడిగాడు. "ఇంజినీరింగ్ చదివించింది ఇందుకేనా అల్లుడూ?" నా దగ్గర జవాబు రెడీగా ఉంది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కూడా ఇంజినీరింగే చదివాడు, రూర్కీలో. ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం చేశాడు. ఆ తర్వాతే ఇలాంటి పెద్ద పెట్టెలు పట్టుకుని దేశమంతా తిరిగాడు. మావయ్య కాసేపు ఆలోచించి, "ఆయనకి నిజాం జీతమిచ్చాడురా" అన్నాడు.

అసలు నాకీ పిచ్చి పట్టించింది ఒక అమెరికన్ పుస్తకం. ఎలియట్ పోర్టర్ అని ఒకాయన ఉండేవాడు. హార్వర్డ్‌లో డాక్టరీ చదివి, అది వదిలేసి కెమెరా పట్టాడు. కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ దగ్గర పెద్ద డ్యామ్ కడుతున్న రోజుల్లో, 1960 నుంచి ఆయన 4×5 కెమెరాతో పడవల్లో ఆ లోయలోకి వెళ్లేవాడు. ఎర్రరాతి గోడల మధ్య, పక్క లోయల్లో, నీడలో తిరిగాడు. నీడలోని రాయి మీద ఆకాశపు నీలం ఎలా పడుతుందో, ఎదురుగోడ మీది ఎండ తిరిగొచ్చి దాన్నెలా వెలిగిస్తుందో రంగుల ఫిల్మ్ మీద ఓపిగ్గా తీశాడు. 1963లో డ్యామ్ గేట్లు మూశారు, నీళ్లు ఎక్కడం మొదలైంది. సియెర్రా క్లబ్ ఆ ఫొటోలని పుస్తకంగా వేసిందీ ఆ ఏడాదే. పేరు 'ద ప్లేస్ నో వన్ న్యూ'. ఎవరికీ తెలియని చోటు అని. ఆ క్లబ్ నడిపిన డేవిడ్ బ్రోవర్, ఆ డ్యామ్ విషయంలో గట్టిగా పోరాడలేదని తర్వాత జీవితాంతం బాధపడ్డాడు.

ఆ పుస్తకాన్ని స్క్రీన్ మీద స్కానుల్లోనే చూశాను. అయినా రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మనకీ ఒక నది ఉంది, డ్యామ్ ఉంది, నీళ్లూ ఎక్కుతున్నాయి. నా దగ్గరా 4×5 ఉంది, ఒక ఫ్రెండ్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇంకేం కావాలి అనుకున్నా. ప్రాక్టీసంతా ఎక్స్-రే ఫిల్మ్ మీద చేశా. అసలు ఫిల్మ్ ఖరీదుకి నా జీతం సరిపోదు. ఎక్స్-రే షీట్లు చవక, కత్తిరించి వాడుకోవచ్చు, ఎర్ర లైటు కింద డెవలప్ చేసుకోవచ్చు. రెండువైపులా ఎమల్షన్ ఉంటుంది కాబట్టి గోరు తగిలినా గీత పడుతుంది. దాని మీద మా వీధిలో ప్రతి కరెంటు స్తంభాన్నీ తీసి, ధైర్యం వచ్చాక ఊరికి ఎఫ్‌పీ4 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ లోడ్ చేసుకున్నా.

మొదటి షీటు భోగి తెల్లారి. మంటల దగ్గర అందరూ ఉంటే నేను రేవులో ఉన్నా. నది మీద మంచు, దూరంగా పాపికొండలు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ, ఒడ్డున ఒక నాటుపడవ. కాళ్ల దగ్గరున్న పడవా, దూరంగా ఉన్న కొండా రెండూ స్పష్టంగా రావాలి. ఈ కెమెరాలో అందుకు లెన్సునే కొంచెం ముందుకి వంచుతాం. ఫోకస్ అయ్యే తలం కూడా దాంతోపాటు వాలి నీటి మీద పరుచుకుంటుంది. ఫోన్‌కి ఇది రాదు, దాని లెన్సు మెడ తిప్పలేదు. అరసెకను ఎక్స్‌పోజర్. పడవ కదల్లేదు. నేను ఊపిరి పీల్చలేదు. లేచి నిలబడేసరికి మోకాళ్లు పట్టేశాయి. నా జీవితంలో బెస్ట్ ఫొటో ఇదేనని నాకు అప్పుడే తెలిసిపోయింది.

రెండోది ఇల్లు. పెంకుటిల్లు, అరుగు, పక్కన చింతచెట్టు. ఈ కెమెరాతో వరస తప్పకూడదు. షట్టర్ తెరిచి అద్దం మీద ఫోకస్ చూసుకోవాలి. షట్టర్ మూయాలి. హోల్డర్ దూర్చాలి. ఫిల్మ్‌కి అడ్డుగా ఉన్న పలక లాగాలి, క్లిక్ చేయాలి, పలక తిరిగి పెట్టాలి. నేను ఫోకస్ చూసుకుంటుండగా అమ్మమ్మ పళ్లెంలో అరిసెలు పెట్టుకొచ్చింది. ఒకటి తిన్నా. చెయ్యి తుడుచుకుని హోల్డర్ దూర్చి పలక లాగా. షట్టర్ తెరిచే ఉంది. ఎక్కడా ఎర్రర్ మెసేజ్ రాలేదు, ఏమీ మోగలేదు. షీటు మొత్తం ఎండకి కాలిపోయింది.

"ఏమైందిరా?" అంది అమ్మమ్మ.

"ఏం లేదు అమ్మమ్మా, అరిసె బాగుంది."

మూడో షీటుతో మళ్లీ ఇంటినే తీశా. ఈసారి వరసంతా పైకి చదువుకుంటూ. పిల్లలు చుట్టూ చేరి నాతోపాటు చదివారు.

ఇక ఒక్కటి మిగిలింది. అప్పుడు తెలిసింది భయం అంటే ఏంటో. అమ్మమ్మని తీయాలా? అడిగితే, "నేనెక్కడికి పోతాన్రా, మీతోనే వస్తాగా. ఊరు తియ్యి" అంది. రామాలయం తీయాలా, బడి తీయాలా, రేవు మళ్లీ తీయాలా? ఫోన్ అయితే అన్నీ తీసేసేవాణ్ని. ఒక్క షీటుతో ఏది తీసినా మిగతావి వదిలేసినట్టే. కనుమ రోజు పొద్దున్న ఊరి వెనక గుట్ట ఎక్కా. పైనుంచి ఊరంతా ఒక గుప్పెడు. ఇళ్లు, చెట్లు, వెనక నది, ఆ వెనక కొండలు. మంచు లేదు, మబ్బు లేదు. చప్పగా తెల్లటి ఎండ. ఫొటోగ్రఫీ పాఠాల్లో ఈ వెలుతురులో కెమెరా బయటికి తీయొద్దంటారు.

ఆన్సెల్ ఆడమ్స్ గుర్తొచ్చాడు. న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం తీసినాయన. సాయంత్రం కారులో పోతూ ఆ దృశ్యం చూసి, బండాపి, 8×10 కెమెరా నిలబెట్టాడు. వెలుతురు కొలిచే మీటరు కనిపించలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిళ్లని ఆయనకి గుర్తుంది. దాన్నిబట్టి ఎక్స్‌పోజర్ లెక్క కట్టి ఒక షీటు తీశాడు. రెండోదాని కోసం హోల్డర్ తిప్పేలోపే సమాధుల మీది శిలువల నుంచి ఎండ వెళ్లిపోయింది. తీసిన తేదీ ఆయనే రాసిపెట్టుకోలేదు. చంద్రుడి స్థానాన్ని బట్టి ఖగోళం తెలిసినవాళ్లు తర్వాత లెక్కేస్తే 1941 నవంబరు 1 అని తేలింది. ఎంత గొప్ప కథ! కానీ నా గుట్ట మీద చంద్రుడూ లేడు, హడావుడీ లేదు. ఎండ ఎటూ పోవడం లేదు. నేనే తేల్చుకోలేక గంటసేపు కూర్చున్నా. చివరికి పసుపు ఫిల్టర్ పెట్టి, ఎఫ్/22, సెకనులో 30వ వంతు. క్లిక్. దిగుతుంటే వేస్ట్ చేశాననే అనిపించింది.

రాజమండ్రిలో బాత్రూమ్‌లో, కిటికీకి దుప్పటి కట్టి, చిమ్మచీకట్లో ట్రేలో డెవలప్ చేశా. ఈ ఫిల్మ్‌కి ఎర్ర లైటు కూడా పనికిరాదు. చేతులతో తడుముకుంటూ షీట్లని ఒకదాని కింద నుంచి ఒకటి తీస్తుండాలి. ఎక్కడో ఒక నిమిషం రెండు షీట్లు అతుక్కున్నాయి. లైటు వేసి చూస్తే, ఇల్లు తీసిన మూడో షీటులో సరిగ్గా గుమ్మం ఉండాల్సిన చోట అరచేతి మచ్చలా ఖాళీ. నాలుగోదానికి ఏం కాలేదు.

మిగిలినవి రెండు. మొదటిది నిజంగానే అద్భుతంగా వచ్చింది. మావయ్యకి చూపిస్తే, "చాలా బాగుందిరా" అని, ఒక క్షణం ఆగి, "ఎక్కడిది?" అన్నాడు.

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. మంచూ, పడవా, కొండలూ. కేరళ కావచ్చు, వియత్నాం కావచ్చు. ఆయన పుట్టిన రేవది. అంత అందంగా తీసేసరికి అందులోంచి ఊరు జారిపోయింది.

పోర్టర్ పుస్తకం మళ్లీ చూశా. ఇప్పటికీ నాకు చాలా ఇష్టమే. కానీ ఆ ఫొటోల్లో మనుషులు దాదాపు కనిపించరు. రాయి, నీరు, నీడ. అది ఎవరికీ తెలియని చోటు అనే పేరుకి తగ్గట్టే ఉంటుంది. మా అమ్మమ్మ ఊరు అలా కాదుగా. అందులో ప్రతి గట్టూ ఎవరో ఒకరికి తెలుసు. పోర్టర్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ రేవులోకి వెళ్లడమే నేను చేసిన తప్పు. (ఈ మధ్య ఏళ్లలో కరువుకి ఆ అమెరికా జలాశయం బాగా తగ్గి, మునిగిన లోయలు కొన్ని మళ్లీ బయటపడ్డాయి. ఆ వార్త చూసిన రోజు మావయ్యకి లింకు పంపా. ఆయన చూసినట్టు రెండు నీలం టిక్కులు వచ్చాయి. రిప్లై రాలేదు.)

నాలుగోదాన్ని అందరిలో ఆఖరున స్కాన్ చేశా. 2400 డీపీఐలో చేస్తే లెక్కకి 11 కోట్ల 50 లక్షల పిక్సెళ్లు. మా ఫోన్లోనూ 108 మెగాపిక్సెల్ ఉందని కామెంట్ పెట్టకండి. నేను అదే ఫోన్‌తో అదే గుట్ట మీద నుంచి తీశా. గోరంత సెన్సర్, దాని మీద సాఫ్ట్‌వేర్. ఐదారు ఫ్రేములు కలిపి, నాయిస్ తుడిచి, అంచులు పదును చేస్తుంది. దూరపు ఆకుల్ని పెయింటు పులిమినట్టు చేస్తుంది. షీటు మీద అలా కాదు. ఊరికి నాకూ మధ్య దూరం దాదాపు 400 మీటర్లు, లెన్సు 150 ఎం.ఎం. అంటే రెండున్నర మీటర్ల వస్తువు ఫిల్మ్ మీద మిల్లీమీటరుకి కాస్త తక్కువ. స్కానులో తొంభై పిక్సెళ్లు. లెక్క వేసినప్పుడు ఇది నాకు లెక్కగానే ఉంది.

24×30 అంగుళాల ప్రింటు వేయించి ఆ దసరాకి కాలనీ ఇంటికి తీసుకెళ్లా. అప్పటికి ఊరు నీళ్లలో ఉంది. కాలనీలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి, వరసలు వరసలుగా. అమ్మమ్మ రెండుసార్లు పక్కింటి గుమ్మంలోకి వెళ్లిపోయిందట. ప్రింటుని మంచం మీద పరిచాం. తాతయ్య పంచాంగం చదవడానికి వాడిన భూతద్దం తెచ్చుకుని అమ్మమ్మ దాని మీదకి వంగింది.

పావుగంట ఏమీ మాట్లాడలేదు. తర్వాత వేలు పెట్టి మొదలెట్టింది. ఇది రామాలయం. ఇది కరణం గారి పాక. ఇదిగో మన చింతచెట్టు, దీని కొమ్మ మొన్న గాలికి విరిగింది చూడు. ఇది బోరింగు, దీని పక్క రాయి మీదే మీ అమ్మ పడింది, గడ్డం కింద కుట్లు. పక్కింటివాళ్లు వచ్చారు. వాళ్లూ వాళ్ల పెంకుల్ని వెతుక్కున్నారు. భూతద్దం చేతులు మారుతూనే ఉంది. నేను చప్పగా ఉందనుకున్న ఆ తెల్లటి ఎండలో ఏ గోడా నీడలో దాక్కోలేదు.

భూతద్దం మళ్లీ అమ్మమ్మ చేతికొచ్చింది. మన ఇంటి పెరట్లోకి వెళ్లి ఆగింది. దండెం మీద ఏదో తెల్లటి గీత, నా లెక్క ప్రకారం తొంభై పిక్సెళ్లు.

"ఆకుపచ్చ చీర" అంది.

ఫొటో బ్లాక్ అండ్ వైట్.

"కనుమ నాడు తలస్నానం చేసి ఆరేశా. మీ తాతయ్య రాజమండ్రిలో కొన్నది." భూతద్దం పక్కన పెట్టి మావయ్య వైపు తిరిగింది. "ఒరే, ఆ చీర సామాన్లలో పెట్టామా? దండెం మీద నుంచి తీశామా అసలు?"

మావయ్య ఏమీ అనకుండా లేచి, అటక మీది ట్రంకు పెట్టె కిందకి దించడానికి స్టూలు వేశాడు.